ఇంటి బండికి ఏ సామాను?

ప్రొద్దుటూరి బంగారు అంగళ్లలో నగ కొనునప్పుడు మన సోదరీమణులు చూపు జాగ్రత్త అందరెరిగినదే. ముద్ర చూతురు, తూకము చూతురు, తరుగెంత, మజూరి యెంత యని అడుగుదురు. 2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు ముద్రతో కూడ తప్పక ఉండవలసిన ఆరు స్థానముల గుర్తింపును సైతము అద్దము పెట్టి చదివించుకొందురు. ఆ తల్లులే కొన్న నగను సంచిలో పెట్టుకొని భర్త వెనుకనో కుమారుని వెనుకనో బండి యెక్కి ఇల్లు చేరుదురు. ఆ బండిని నిలుపు బ్రేకు షూ ఎవరు చేసినదని అడిగినచో, “మెకానిక్కు ఏదో వేసినాడు” అందురు. నగలో మోసపోయిన ధనము పోవును. బ్రేకులో మోసపోయిన పోవునది ధనము కాదు.

ఇది మగవారి వ్యవహారము, మనకేల యని కొందరు అనవచ్చును. హోసూరు నుండి 1980లో ఇద్దరు కూర్చుండదగిన టి.వి.యస్. 50 వచ్చినది మొదలు మోటారు బండి క్రమముగా సామాన్య కుటుంబపు వస్తువైనది. పులివెందుల తోటల చీనీకాయల బుట్టలు, అరటి గెలలు, పశువుల మేత, పాల క్యాన్లు, బడికి పోవు పిల్లలు, అన్నియు నేడు బండిమీదనే. జమ్మలమడుగున కళాశాలకు పోవు ఆడపిల్లలు తామే స్కూటర్లు నడుపుకొనుచున్నారు. మరమ్మతు రూకలు ఇంటి వ్యయములోనివి. వెనుక కూర్చుండు ప్రాణము మనది. ఇంతకంటె మన వ్యవహారము మరియేది?

అంగడివాడు సామానును రెండు మాటలతో చెప్పును: “కంపెనీది”, “లోకల్”. నిజమునకు తెగలు మూడు. బండి చేసిన కంపెనీ తన పేరు ముద్రించిన పెట్టెలో అమ్మునది మొదటిది. ఆ భాగమునే వృత్తిగా చేయు సంస్థ తన సొంత పేరుతో అమ్మునది రెండవది. ఊరు పేరు లేనిది, లేక ఒకరి పేరును దొంగిలించి అచ్చువేసినది మూడవది.

బండి కంపెనీ తన బండిలోని ప్రతి మరయు తానే చేయదు. చైన్లు, కేబుళ్లు, బేరింగులు, బ్యాటరీలు వేరువేరు కర్మాగారముల నుండి తెప్పించుకొనును. కోయంబత్తూరున ఎల్.జి. బాలకృష్ణన్ సంస్థవారు రోలన్ అను పేర చైన్లు చేయుచున్నారు. మన తిరుపతి సమీపమున అమరరాజా వారు అమరాన్ బ్యాటరీలు చేయుచున్నారు. ఇట్టి సంస్థలు బండి కంపెనీలకు సరఫరా చేయుటయేగాక బజారునందును అమ్ముదురు. కావున రెండవ తెగ సామాను పెక్కుమార్లు మొదటి దానికి తీసిపోదు, వెల మాత్రము తక్కువ. “లోకల్” అను ఒక్క మాటతో రెండవ తెగను మూడవ తెగను ఒక గంపలో వేయుటయే చిక్కులకెల్ల మూలము. భయస్థులు ప్రతి మరయు కంపెనీదే కావలెనని వృథాగా వెచ్చింతురు. పొదుపరులు పేరులేని దానిని కొని పదింతలు నష్టపోవుదురు.

నా యభిప్రాయమున, ఎవరి పేరిట ఉన్నదని అడుగుటకు ముందు, ఈ భాగము దారిలో చెడినచో ఏమగునని అడుగవలెను. జవాబును బట్టి డబ్బు తీయవలెను.

బ్రేకు షూ సంగతి చూడుడు. అల్యూమినియపు విల్లువంటి దానిపై రాపిడికోర్చు పట్టీని జిగురుతో అతికింతురు. బ్రేకు నొక్కినప్పుడు ఆ పట్టీ చక్రములోని డ్రమ్మును ఒరసి చక్రమును నిలుపును. నాసిరకపు జిగురు వేడికి విడిపోవును. ఊడిన పట్టీ డ్రమ్ములో ఇరుక్కొన్నచో చక్రము పరుగులోనే బిగిసిపోవును. పట్టీ మరీ గట్టిదైనచో నున్నబడి జారును, లేక డ్రమ్మునే గీచి తినివేయును. అప్పుడు మార్చవలసినది షూ కాదు, చక్రపు హబ్బు. దాని వెల షూ వెలకు ఎన్నో రెట్లు. శ్రావణ శనివారములందు గండి ఆంజనేయస్వామి దర్శనమునకు భార్యాబిడ్డలతో ఒకే బండిమీద పోవువారిని ఎందరినో చూచుచున్నాము. బరువు హెచ్చినకొలది బ్రేకుకు వేడి హెచ్చును. గండికోట నుండి తిరిగి వచ్చు వారికిని ఇదియే మాట. బ్రేకు షూ, బ్రేకు కేబులు, యాక్సిలేటరు కేబులు, టైరు, ట్యూబు: వీనియందు మూడవ తెగను గడప తొక్కనీయరాదు. టైరు అంచున చిన్న చట్రములో నాలుగంకెలుండును. 3224 అని యున్నచో అది 2024వ సంవత్సరము 32వ వారమున చేసినదని తెలియవలెను. క్రొత్తదని చెప్పి ఏండ్ల తరబడి అటకమీద ఎండిన టైరును అంటగట్టువారు లేకపోలేదు.

చైను కూడ ఇట్టిదే. మెత్తని ఉక్కుతో చేసినది త్వరగా సాగి పండ్లమీద ఎగురును, ఒక్కొక్కప్పుడు తెగి చక్రములో చిక్కుకొనును. చైనును, ముందు వెనుక పండ్ల చక్రములను ఒక్కసారిగా మార్చవలెను. అరిగిన పండ్లపై క్రొత్త చైను నిలువదు. చైనుపై మూత విషయమున మాత్రము నాకు కోపము వచ్చును. అందము కొరకని మన కుర్రవారు దానిని, చీరె గార్డును ఊడదీయింతురు. చీరె కుచ్చిళ్లు, చున్నీ కొనలు, పసిపిల్లల పాదములు చిక్కునది అక్కడనే. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వ నియమము ప్రకారము వెనుక కూర్చుండువారికి చేతిపట్టు, కాళ్లు పెట్టుకొను ఆధారము, వెనుక చక్రములో సగమునకు తక్కువ కాకుండ కప్పు రక్షణ ఉండితీరవలెను. పోయిన గార్డుకు బదులు బయట అంగడిలోనిది కొన్నను తప్పులేదు. అది వంగని గట్టి ఊచలదై, బోల్టులతో బిగింపబడినదై యుండవలెను.

ఇక ప్రాణమునకు కాక సంచికి చేటు తెచ్చునది ఎయిర్ ఫిల్టరు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు సీమలలో సిమెంటు కర్మాగారములు, నాపరాతి గనులు, వేసవిలో నల్లరేగడి దుమ్ము. బండి పీల్చునది ఈ గాలియే. నాసి ఫిల్టరు అంచులు సరిగా కూర్చొనవు. ఆ సందున దూరిన ధూళి ఇంజనాయిలుతో కలిసి నూరుడు ముద్దవలె రింగులను, సిలిండరును అరగదీయును. పొగ నీలిరంగున వచ్చుట, ఆయిలు త్వరగా తగ్గుట దాని గుర్తులు. ఫిల్టరుపై మిగిల్చిన కొద్ది రూకలకు ఇంజను విప్పు ఖర్చు ఫలము. మన ప్రాంతమున పుస్తకములో వ్రాసిన గడువుకు ముందే దానిని చూపించుకొనుట మేలు. ఆయిలు డబ్బా సీలు మన కన్నుల యెదుటనే తీయవలెను. కారు ఆయిలు పోయరాదు. గేరు బండ్లలో చాలవరకు క్లచ్చి ఆ నూనెలోనే తిరుగును గనుక అది జారును.

సీటు కవరు, కాళ్లకింది రబ్బరు, మడ్‌గార్డు, హ్యాండిలు పిడులు: ఇవి ఎక్కడ చౌకయో అక్కడ కొనుడు. చెడిన నవ్వి ఊరకుందుము.

కొనునప్పుడు పెట్టెను చదువవలెను. 2011 నాటి ప్యాకెట్టు వస్తువుల నియమములను బట్టి చేసినవారి పేరు, చిరునామా, నెల, సంవత్సరము, గరిష్ఠపు వెల దానిపై ఉండవలెను. చిరునామా లేని పెట్టె మూడవ తెగ. 2025 సెప్టెంబరు 22 నుండి వాహన భాగములపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కి తగ్గినది. పాత వెల అచ్చయిన సరకైనచో తగ్గింపు అడుగుట మన హక్కు. షెడ్డులో “అక్కా, కంపెనీదే ఏసినా” అని అన్నప్పుడు, “సరేలే నాయనా, పెట్టె, పాత సామాను రెండూ చేతికియ్యి” అని అడుగుడు. మంచి పనివాడు దీనికి నొచ్చుకొనడు. షోరూములందును పాత భాగమును చూపించుకొనుట అవసరమే. అరుగని దానిని మార్చిన సందర్భములు అక్కడను కలవు. క్రొత్త బండికి గ్యారంటీ గడువున్నంతవరకు కంపెనీ సామానే వేయించుట యుక్తము. బయటి భాగము వలన కలిగిన చెరుపుకు వారు బాధ్యత వహింపరు.

బిల్లును బండి కాగితములతో కలిపి ఇంటి పెట్టెలోనే దాచుడు, బండిలో కాదు. ఆ బిల్లు చేతనున్నచో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును; అంగడివాడు బిల్లు ఇయ్యనన్నచో వెల యెంత తగ్గించినను కొనక వెనుకకు రండు.