ఇరవయ్యో మైలు దగ్గర

44వ ఏట డాక్టరు “షుగరు గుమ్మం దాకా వచ్చింది” అన్నాక షికాగో మారథాన్‌కి పేరిచ్చాను. 26 మైళ్ళు, పైన ఇంకో 385 గజాలు! “ముందు మెయిల్‌బాక్సు దాకా నడవండి” అని నవ్వింది మా ఆవిడ.

కాళ్ళకంటే ముందు మొరాయించేది మనసు. అందుకే దానితో బేరం పెట్టాను. తెల్లవారుజామున “పది నిమిషాలే పరిగెడతా, వద్దనిపిస్తే వచ్చేస్తా” అనేవాణ్ణి. అలా వెనక్కొచ్చింది రెండుసార్లే. పెద్ద ప్రోగ్రామును చిన్న ఫంక్షన్లుగా విడగొట్టినట్టు, మిషిగన్ సరస్సు ఒడ్డున ఒక దీపస్తంభం నుంచి ఇంకోదాని వరకే లెక్క. ఒక్క జాగ్రత్త: అలసటతో బేరమాడచ్చు, నొప్పితో కాదు. నొప్పెడితే ఆగాల్సిందే.

అసలు పరీక్ష 20వ మైలు ప్రాంతంలో. కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అక్కడికి అడుగంటుతుంది. పరుగెత్తేవాళ్ళు దాన్ని “గోడ” అంటారు. దారిలో కాస్త తీపి తింటూ ఉండాలి. మనసుకీ ఏదో ఒక ఆసరా కావాలి. చివరి ఆరు మైళ్ళూ ఆరుగురి పేర రాసుకున్నాను. ఆఖరిది నాన్నది. షుగరు వల్ల ఆయన కాలు తీసేశారు.

ఆ మైల్లో ఆగాలనిపించలేదు.