వేడి చేసిందంటే అర్థమేమిటి?

పడిశం పట్టినా, పార్శ్వపు నొప్పి వచ్చినా, కాలికి ఆనె కాచినా పదిమందిలో పేరు పెట్టి చెప్పుకుంటాం. అట్లా చెప్పుకోలేని బాధ ఒకటి వుంది. దానికి మనవాళ్లు వేసిన ముసుగు పేరు "వేడి చేసింది" అని. ఆ మాట అన్నది ఆడమనిషి అయి, అనేటప్పుడు కాస్త గొంతు తగ్గించిందంటే, చుట్టూ వున్న ఆడవాళ్లకు సంగతి ఇట్టే తెలిసిపోతుంది. మూత్రంలో మంట అన్నమాట. ఇక ఒకరు సబ్జా గింజలంటారు, ఒకరు బార్లీ నీళ్లంటారు, ఇంకొకరు పల్లేరు కాయల కషాయమంటారు. డాక్టరు పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

అసలు ఆ పని పేరే మనం తిన్నగా పలకం. బళ్లో వేలు చూపిస్తాం. ఇంట్లో "ఒంటికి" అని ఊరుకుంటాం. మర్యాద మరీ ఎక్కువైనవారు లఘుశంక అంటారు. శంక అంటే సందేహం, అనుమానం. నిజమే! ఆ చిన్న సందేహం తీర్చుకునే చోటు దొరక్క, నోరు విప్పి అడగలేక, పెద్ద జబ్బు తెచ్చుకునే ఆడవాళ్లు ఎంతమంది లేరు?

నేను వైద్యురాలిని కాను. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని. అయితే ఇరవై ఏళ్లుగా ఆడపిల్లల మధ్య మసలుతున్నదాన్ని కాబట్టి ఈ సంగతి కాస్త శ్రద్ధగా చదివి తెలుసుకోవలసి వచ్చింది. తెలుసుకున్నదాన్ని నలుగురితో పంచుకోవటంలో తప్పు లేదు కదా!

వేడి ఎక్కడిది?

మన పూర్వులు దీన్ని మూత్రకృచ్ఛ్రం అన్నారు. కృచ్ఛ్రమంటే కష్టం. చరకుడూ సుశ్రుతుడూ కూడా ఇందులో ఎనిమిది రకాలు చెప్పారు. పిత్తం వల్ల వచ్చే రకంలో మూత్రం పచ్చగా, మంటగా, ఒక్కొక్కప్పుడు నెత్తుటి జీరతో, మాటిమాటికీ వస్తుందని చరకుడి వర్ణన. మన ఇళ్లలో వినబడే "వేడి" అన్న మాట ఆ పిత్తానికి మనుమరాలే. ఎంత చక్కగా గమనించారో చూడండి. ఇవాళ డాక్టరు అడిగే లక్షణాలూ ఇంచుమించు ఇవే.

అయితే వాళ్ల కంటికి కనబడనిది ఒకటి వుంది. అది సూక్ష్మక్రిమి. 1885లో ఎషెరిష్ అనే వైద్యుడు పసిపిల్లల మలంలో ఒక క్రిమిని గుర్తించాడు. తరువాత ఆయన పేరే దానికి పెట్టి ఎషరీకియా కోలై అన్నారు. ఈ క్రిమి మన పేగులలో కాపురం చేసేదే. అక్కడున్నంతసేపు మనకు దానితో పేచీ లేదు. చోటు తప్పి మూత్రమార్గంలోకి ఎగబాకిందా, అప్పుడే చిక్కు. మామూలుగా వచ్చే మూత్రపు మంటలలో నాలుగింట మూడు పాళ్లు దీని పుణ్యమే.

ఆడవాళ్లకే ఎక్కువగా ఎందుకు రావాలంటారా? కారణం చాలా చిన్నది. మగవాడికి మూత్రనాళం 20 సెంటీమీటర్ల దాకా వుంటుంది. ఆడవాళ్లకు 4 సెంటీమీటర్లే. పైగా మలద్వారం పక్కనే వుంది. క్రిమికి నడక తక్కువ, ఇల్లు దగ్గర! అందుకే ఆడవాళ్లలో దాదాపు సగం మందికి జన్మలో ఒక్కసారైనా ఈ బాధ తప్పదు. ఇందులో సిగ్గుపడవలసినదీ, నడవడికను శంకించవలసినదీ బొత్తిగా ఏమీ లేదు. ఈ మాట అత్తగార్లు కూడా గమనించాలి.

ఇంకొక సంగతి. వేడి చేసిన ప్రతిసారీ లోపల క్రిమి వున్నట్టు కాదు. రోహిణీకార్తెలో ఎండన పడి తిరిగి, గుక్కెడు నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి చురుక్కుమంటుంది. నాలుగు గ్లాసుల మజ్జిగ పడితే పూటలో సర్దుకుంటుంది. సబ్జా గింజలకు అంత కీర్తి రావటానికి ఇటువంటి సందర్భాలే కారణం.

వంటింటి మందులు

ఇక మందుల దగ్గరకు వద్దాం. అన్నిటికన్నా చవక మందు మంచినీళ్లు. నీళ్లు తాగితే మూత్రం పలచబడుతుంది, మంట తగ్గుతుంది, ఎక్కువసార్లు పోవటంతో క్రిములు తిష్ఠ వెయ్యకుండా కొట్టుకుపోతాయి. ఇది పెద్దమ్మల మాట మాత్రమే కాదు. మాటిమాటికీ ఈ జబ్బు వస్తూ, రోజుకు ఒకటిన్నర లీటరు కన్నా తక్కువ తాగే 140 మంది స్త్రీలను ఏడాదిపాటు పరిశీలించి 2018లో ఫలితం ప్రకటించారు. వారిలో సగం మందిని మామూలుగా తాగేదానికి తోడు మరో ఒకటిన్నర లీటరు నీళ్లు తాగమన్నారు. అట్లా తాగినవాళ్లకు ఏడాదిలో సగటున 1.7 సార్లు జబ్బు వస్తే, తాగనివాళ్లకు 3.2 సార్లు వచ్చింది. పైసా ఖర్చు లేని మందు ఇంత పని చేసిందంటే ఇంకేం కావాలి?

బార్లీ నీళ్లు, పలచటి మజ్జిగ, ధనియాల నీళ్లు, సబ్జా నీళ్లు, కొబ్బరి నీళ్లు – ఇవన్నీ నీటికి వేసిన వేషాలే అనుకోండి. ఉత్త నీళ్లు సయించనివారికి నాలుగు గ్లాసులు లోపలికి పంపించే ఉపాయాలు. రెండు చెంచాల బార్లీ గింజలు కడిగి, లీటరు నీళ్లలో మెత్తబడేదాకా కాచి, వడకట్టి, చిటికెడు ఉప్పు వేసుకుని రోజంతా తాగవచ్చు. మధుమేహం వున్నవారు పంచదార జోలికి పోరాదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు కొబ్బరి నీళ్లు డాక్టరును అడగకుండా తాగరాదు. అందులోని పొటాషియం వారికి చేటు. గుండెజబ్బుకో, మూత్రపిండాల జబ్బుకో నీళ్లు కొలిచి తాగమని చెప్పించుకున్నవారికి ఈ "బాగా నీళ్లు తాగండి" అన్న సలహా కూడా వర్తించదు.

పల్లేరు కాయల సంగతి చెప్పకపోతే తెలుగువారికి తృప్తి వుండదు. చేలగట్ల మీద అరికాళ్లలో గుచ్చుకునే ఆ ముళ్లకాయనే సంస్కృతంలో గోక్షురమనీ, శ్వదంష్ట్ర అనీ అన్నారు. శ్వదంష్ట్ర అంటే కుక్కపన్ను. తొక్కినవారికి ఆ పేరులోని సొగసు చెప్పనక్కరలేదు! మూత్రాన్ని జారీ చేసే పది ఔషధాలలో చరకుడు దీన్ని చేర్చాడు. పాషాణభేదం ఆ పదింటిలో మరొకటి. మనవాళ్లు పప్పులో వేసి వండుకునే కొండపిండి ఆకును ఆ పేరుతో వాడేవారూ వున్నారు. కొండను పిండి చేసేదట! వీటిని కాచి తాగితే మూత్రం ధారాళంగా రావచ్చు. కాని మూత్రాశయంలో నాటుకున్న క్రిమిని ఇవి చంపుతాయని నమ్మి జ్వరంతో ఇంట్లో కూచోవటం తగదు. చదువుకున్న ఆయుర్వేద వైద్యుడు చెయ్యి చూసి ఇచ్చే మందు వేరు, సంతలో గంపలోంచి తీసి ఇచ్చే పొడి వేరు. గర్భిణులు ఏ కషాయమూ తమంతట తాము తాగరాదు.

ఉలవల మాటా అంతే. ఉలవకట్టు రాళ్లకు మంచిదని వాడుక. దాన్ని పట్టుకుని మంటకూ తాగిస్తారు కొందరు. రాయి వేరు, క్రిమి వేరు.

ఈమధ్య చదువుకున్న పిల్లలు క్రాన్‌బెర్రీ రసం మాట చెబుతున్నారు. అది ఉత్తర అమెరికా బురదనేలల్లో కాసే ఎర్రని పులుపు కాయ. క్రిమి మూత్రాశయపు గోడకు అంటుకోకుండా చేసే పదార్థం అందులో వుంది. 2023లో 50 పరీక్షల ఫలితాలు ఒకచోట చేర్చి చూస్తే, మాటిమాటికీ జబ్బు వచ్చే స్త్రీలలో నాలుగో వంతు దాకా తగ్గించగలదని తేలింది. అయితే ఇది రాకుండా చూసుకోవటానికే గాని వచ్చిన జబ్బును పోగొట్టటానికి కాదు. మన వాక్కాయను చూసి "ఇదే అది" అని సంబరపడేవారున్నారు. ఎరుపూ పులుపూ కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు. రెండు మొక్కల కుటుంబాలే వేరు. వాక్కాయ పప్పు కమ్మగా తినండి, మందనుకోకండి.

వంటసోడా నీళ్లు కొందరి చిట్కా. అందులో సోడియం దండిగా వుంటుంది. రక్తపోటు వున్నవారికి పనికిరాదు. పొత్తికడుపు నొప్పికి వేడినీళ్ల సంచీ కాపడం మాత్రం హాయినిస్తుంది. ఆ రెండు మూడు రోజులూ కాఫీ, చిక్కటి టీ, కారాలు తగ్గించుకోవాలి. ఘాటు సబ్బులతో, క్రిమిసంహారక ద్రావకాలతో కడుక్కోవటం మంట మీద కారం చల్లుకోవటమే.

చిట్కాతో తగ్గిందే!

"మరి మా పిన్నికి ధనియాల నీళ్లతోనే తగ్గిందే" అంటారు. తగ్గే వుంటుంది. 2015లో జర్మనీలో 494 మంది స్త్రీల మీద జరిగిన పరీక్ష ఒకటి వుంది. సగం మందికి యాంటీబయాటిక్, సగం మందికి నొప్పి తగ్గించే బిళ్ల మాత్రమే ఇచ్చారు. నొప్పి బిళ్ల వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి యాంటీబయాటిక్ అవసరమే లేకపోయింది. అంటే ఆరోగ్యవంతుల్లో వచ్చే చిన్న జబ్బు చాలాసార్లు దానంతటదే పోతుంది. ఆ సమయానికి చేతిలో ధనియాల గ్లాసు వుంటే కీర్తి దానికి దక్కుతుంది. కాని అదే పరీక్షలో నొప్పి బిళ్ల వాళ్లలో ఐదుగురికి జబ్బు మూత్రపిండాలకు ఎక్కింది. మందు తిన్నవాళ్లలో ఒకరికే ఎక్కింది. ఆ ఐదుగురిలో మన అమ్మాయి వుంటే?

అందుచేత గడువు పెట్టుకోవాలి. మంట మాత్రమే వుండి జ్వరం లేని ఆరోగ్యవంతురాలు ఒకటి రెండు రోజులు నీళ్లతో చూడవచ్చు. చలిజ్వరం, నడుముకు పైన పక్కల్లో పోటు, వాంతులు, మూత్రంలో నెత్తురు – వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ పూటే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. గర్భిణులు, పసిపిల్లలు, మధుమేహం వున్నవారు, మగవారు మొదటి రోజే వెళ్లాలి. గర్భిణికి మంట లేకపోయినా మూత్రంలో క్రిమి వుండవచ్చు. అది తల్లికీ బిడ్డకూ ప్రమాదం. అందుకే మూత్రపరీక్ష చెయ్యిస్తారు. వయసు మళ్లి నెలసరి ఆగిపోయినవారికి మాటిమాటికీ వస్తుంటే దానికి వేరే చికిత్స వుంది. "ఈ వయసులో ఏం చెప్పుకుంటాం" అని ఊరుకోనక్కరలేదు.

పక్కింటావిడ మిగిల్చిన బిళ్లలు మింగటం అన్నిటికన్నా చెడ్డ చిట్కా. అరకొరగా మింగిన మందులకు క్రిములు లొంగటం మానేస్తున్నాయి. ఒకప్పుడు చిటికెలో పనిచేసిన బిళ్లలు ఇవాళ చాలామందికి పనిచెయ్యటం లేదు. మందు మొదలుపెట్టకముందే మూత్రం ఇచ్చి, ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుందో తేల్చే కల్చర్ పరీక్ష చేయించమని డాక్టరు అంటే చేయించండి. రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

నీళ్లు ఎందుకు తాగరు?

ఇంత చెప్పి అసలు మాట చెప్పకపోతే ఎట్లా? నీళ్లు మందని మన ఆడపిల్లలకు తెలియదా? తెలుసు. మా క్లాసులో ఒక అమ్మాయి నెలలో రెండుసార్లు సెలవు పెట్టింది. పిలిచి అడిగితే చాలాసేపు తల వంచుకుని, చివరకు "వేడి చేసింది మేడం" అంది.

"నీళ్లు తాగవుటమ్మా?" అన్నాను.

"తాగితే వెళ్లాల్సి వస్తుంది కదా మేడం. ఇక్కడ ఎక్కడికి వెళ్లను?"

ఆ పిల్ల ఉదయం ఏడింటికి ఊరినుంచి బస్సెక్కుతుంది. సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరుతుంది. ఈ పది గంటలూ నోరు కట్టుకుని వుంటుంది. మరుగుదొడ్డి వుంది, తలుపుకు గడియ లేదు. గడియ వున్నదానికి నీళ్లు లేవు. సీసాలో నీళ్లు తెచ్చుకుంటుంది, అలాగే తిరిగి పట్టుకుపోతుంది. ఈ రోగానికి ఏ పల్లేరు కాయ మందో చరకుడు కూడా చెప్పలేడు!

బట్టల కొట్లో నుంచుని చీరలు పరిచే అమ్మాయి, బస్సులో టిక్కెట్లు కొట్టే కండక్టరమ్మ, కలుపు తీసే కూలి మనిషి – అందరిదీ ఇదే కథ. 2012లో సుప్రీంకోర్టు ప్రతి బడిలోనూ, ముఖ్యంగా ఆడపిల్లలకు, మరుగుదొడ్లు వుండి తీరాలని ఆదేశించింది. 2019లో కేరళ బడులలో పిల్లలచేత నీళ్లు తాగించటానికి రోజుకు మూడుసార్లు ప్రత్యేకంగా గంట కొట్టటం మొదలుపెట్టారు. ముచ్చటైన ఆలోచన. కాని తాగిన నీళ్లకు దారి కూడా చూపాలి గదా! గంటతోపాటు గడియా, కుళాయీ వుంటేనే ఆ గంట మోగినట్టు.

మా కాలేజీలో మేము నలుగురు అధ్యాపకురాళ్లం కలిసి అర్జీ పెట్టాం. "దొడ్డి" అని రాయటానికి మొదట అందరం తటపటాయించాం. "సౌకర్యాలు" అని రాద్దామన్నారొకరు. సౌకర్యమంటే పంకా అనుకుంటారని, తిన్నగా "రెండు మరుగుదొడ్లు, నాలుగు గడియలు, నిత్యం నీళ్లు" అని రాశాం. అట్లా రాసినందువల్లనే కాబోలు, మూడు నెలలకు గడియలు వచ్చాయి. నీళ్ల పంపు కోసం ఇంకా తిరుగుతున్నాం.

తల్లులకు ఒక మనవి. పిల్ల కాలేజీ నుంచి రాగానే "తిన్నావా?" అని అడుగుతారు. దానితోపాటు "నీళ్లు తాగావా? ఒంటికి వెళ్లావా?" అని కూడా అడగండి. కడుక్కునేటప్పుడు ముందునుంచి వెనక్కు కడుక్కోవాలని చిన్నప్పుడే నేర్పండి. పెళ్లయిన పిల్లకు, భర్త దగ్గరనుంచి లేచాక ఒకసారి వెళ్లి రావటం మంచిదని చెప్పండి. ఈ నాలుగు మాటలూ తల్లి చెప్పకపోతే ఆ పిల్లకు మరెవరు చెబుతారు? మంట అన్నప్పుడు వేడి అని సరిపెట్టకండి. ఎన్నాళ్లనుంచి, జ్వరం వుందా, నడుము పోటు వుందా అని విడమరచి అడగండి. బార్లీ నీళ్లు కాచి ఇవ్వండి, చేత్తోనే డాక్టరు దగ్గరకూ తీసుకువెళ్లండి. రెంటికీ వైరం లేదు.