అడిగి తెలుసుకునే ప్రేమ

యెరికో దారి పక్కన భిక్షమెత్తుకునే బర్తిమయి గుడ్డివాడు. అతనికేం కావాలో చూసినవారందరికీ తెలుసు. జనం అతని నోరు మూయించబోయారు. ప్రభువు మాత్రం ఆగి, ఏం కోరుతున్నావని అతన్నే అడిగాడు (మార్కు 10:46–52).

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే కూడా దళితులకేం కావాలో ముందు వారినే అడిగారు. 40 కుటుంబాలు 80 ఎకరాలు కావాలన్నాయి. ఆయన ఆ మాటను ఊరివారి ముందుంచితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానని ముందుకొచ్చారు. భూమి కోసం నెత్తురు చిందిన ఆ రోజుల్లో భూదానోద్యమం అలా పుట్టింది.

మన ఘనపూర్ పల్లెల్లో అన్నదమ్ముల గట్టు తగాదాకు పెద్దమనుషులుగా కూర్చుంటాం. హక్కెవరిదో తేల్చాలని తొందరపడతాం. అన్నకు కావలసింది బండి పోయే బాట మాత్రమే కావచ్చు. తమ్ముడికి మూరెడు నేల పోయినదానికన్నా, తనను లెక్కచేయలేదన్న బాధే ఎక్కువ కావచ్చు. అడగనిదే ఎలా తెలుస్తుంది? భార్యాభర్తల మధ్యైనా, యజమానికీ కూలీకీ మధ్యైనా ఇంతే.

అన్నీ తెలిసిన ప్రభువే అడిగాడు. సగమే తెలిసిన మనం అడగకుండా తీర్పు చెబితే ఎలా? ఈ వారం వాదనకు దిగేముందు ఎదుటివారికేం కావాలో అడుగుదాం. వారి జవాబు పూర్తయ్యేదాకా ఓపిక పడదాం.