నక్షత్రశాలలోని గడియారము

శుభకార్యము తలపెట్టినపుడు మనము ముందుగా నడుగునది ముహూర్తము. పూర్వులు అడుగున సన్నని రంధ్రము గల గిన్నెను నీటిపై విడిచి, అది మునుగుటనుబట్టి గడియను లెక్కించెడివారు. గడియ యనగా 24 నిమిషములు. ఇంటి గడియారము దినమున కొక నిమిషము తప్పినను మన పనులు సాగును. నక్షత్రశాలలో నట్లు చెల్లదు. భూమధ్యరేఖకడ భూమి యొక సెకనులో సుమారు 465 మీటరులు తిరుగును. కాలమున నొక సెకను తప్పినచో, నక్షత్రములను జూచి దారి గనుగొను నావికుడు తానున్న తావును అంతమేర తప్పుగా లెక్కించును.

1656లో హాలెండు దేశీయుడగు హైగెన్సు లోలకపు గడియారమును కల్పించెను. సుమారొక మీటరు పొడవు గల లోలకము ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు ఒక సెకనులో నూగును. పొడవు పెరిగిన నాలస్యమగును. బిగిసిన యిత్తడి మూత వేడినీట ముంచిన సడలుట మన మెరిగినదే గదా! అట్లే యుక్కు కమ్మియు వేడికి సాగును. ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడి హెచ్చిన, గడియారము దినమునకు సుమారర సెకను వెనుకబడును. ఇంగ్లండున గ్రాహామను నతడు కమ్మి చివర పాదరసపు పాత్రను గట్టెను. కమ్మి క్రిందికి సాగగా పాదరసము పైకి పొంగి యా లోపమును దిద్దును. 1896లో గియోము పండితుడు వేడికి మిక్కిలి స్వల్పముగా సాగు ‘ఇన్వారు’ అను మిశ్రలోహమును కనుగొని, 1920లో నోబెలు బహుమానము నందెను.

ఇంక రెండు చిక్కులు మిగిలెను: గాలి యడ్డుకొనుట, చక్రములను నడుపు భారము లోలకముపై బడుట. 1921లో షార్టు అను రైల్వే ఇంజనీరు వీనికి ఉపాయము పన్నెను. ప్రధానలోలకము గాలి తీసివేసిన రాగి గొట్టమున నూగుచుండును. దానికి వేరు పని లేదు. లెక్కించుట, ముండ్లను త్రిప్పుట మొదలగు పనులన్నియు ప్రక్కనున్న సేవకగడియారమువి. 30 సెకనుల కొకమారు సేవకగడియారము విద్యుత్సంకేతము పంపగా, ఒక చిన్న మీట ప్రధానలోలకమును మెల్లగా త్రోయును. వెంటనే యచ్చటనుండి తిరుగు సంకేతము వచ్చి, సేవకగడియారము వెనుకబడియున్నచో దానిని సరిదిద్దును. ఇట్టి గడియారమున దోషము సంవత్సరమునకు సుమారొక సెకను మాత్రమే. 1924లో గ్రీనిచ్ నక్షత్రశాల దీనిని స్వీకరించెను. 1940 తరువాత క్వార్ట్జు గడియారములు దీని స్థానము నాక్రమించినవి. అయినను 1984లో అమెరికాలో నొక షార్టు గడియారమును పరీక్షింపగా, సూర్యచంద్రుల యాకర్షణవలన గలుగు స్వల్పభేదము సైతము దాని నడకలో గానవచ్చెను!

మన చెన్నపట్టణమున 1792లో నెలకొన్న నక్షత్రశాలలోను లోలకపు గడియారము లుండెను. అచ్చటి శిలాస్తంభముపై తెలుగు లిపియు చెక్కబడియున్నది.

లోకము ప్రధానలోలకమును కొనియాడినది. కాని సేవకగడియారము పనియంతయు మోయుటచేతనే యది నిశ్చింతగా నూగగలిగెను. ఇంట నొకరు నిరాటంకముగా విద్య నభ్యసించుటకు మరియొకరు ఇంటిభారమంతయు మోయుట మనకు క్రొత్త గాదు. విద్వాంసుని కీర్తి చెప్పుకొనునపుడు, ఆ రెండవవారి పేరును జెప్పుట న్యాయము.