పదిహేనేళ్ల భయం

హారర్ నవలంటే పిల్లలకు అందకుండా దాచాల్సిన సరుకని చాలామంది నమ్మకం. పదిహేనేళ్ల వయసుకి అంతకంటే దగ్గరి సాహిత్యం మరొకటి లేదన్నది ఈ పాఠకురాలి వాదన.

కేరీ వైట్‌కి పదహారేళ్లు. బడిలో ఆటల పీరియడ్ అయ్యాక, ఆడపిల్లలంతా స్నానాలు చేసే గదిలో ఆమెకి మొదటిసారి నెలసరి వస్తుంది. అదేమిటో ఆ పిల్లకి తెలియదు. తల్లి చెప్పలేదు. ఆ తల్లి లెక్కలో ఆడపిల్ల ఒళ్లే పాపం. నెత్తురు చూసి చచ్చిపోతున్నానని కేరీ వణికిపోతుంటే, తోటి పిల్లలు చుట్టూ మూగి, నవ్వుతూ, అరుస్తూ ఆమె మీదికి శానిటరీ ప్యాడ్లు విసురుతారు. 1974లో వచ్చిన ‘కేరీ’ ఇలా మొదలవుతుంది. స్టీఫెన్ కింగ్ అచ్చయిన తొలి నవల అది. రాసేనాటికి ఆయన అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓ హైస్కూలు టీచరు, కాపురం ట్రెయిలర్ ఇంట్లో. ఆడపిల్లల సంగతి తనకేం తెలుసని మొదటి కాగితాలు నలిపి చెత్తబుట్టలో పారేస్తే, భార్య టబిత వాటిని ఏరి చదివి, మిగతాది రాయమని పట్టుబట్టింది. తెలియనివి తను చెబుతానంది.

ఆ తర్వాత నవలలో చాలా జరుగుతుంది. మనసుతోనే వస్తువుల్ని కదిలించే శక్తి, బడి పార్టీలో నెత్తిన కుమ్మరించిన పందినెత్తురు, తగలబడే ఊరు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది మాత్రం ఆ స్నానాల గదే. అలాంటి గది మన ఇళ్లలోనూ ఉంది. పిల్ల పెద్దమనిషైందని చుట్టాలందర్నీ పిలిచి, పట్టుబట్టలు కట్టి, చిమ్మిలి తినిపించి, అక్షింతలు వేసి, ఫొటోలు తీయించి, ఒంట్లో ఏం జరుగుతోందో ఒక్క ముక్క చెప్పని ఇళ్లు ఎన్ని లేవు! ఆ రాత్రి ఆ పిల్ల ఏమనుకుంటూ పడుకుందో ఎవరూ అడగరు. కింగ్ అడిగాడు. అడిగింది హారర్ నవలలో.

పదిహేనేళ్లప్పుడు మనిషికి జరిగేవన్నీ హారర్ నవలలో జరిగేవే. ఒళ్లు చెప్పాపెట్టకుండా మారిపోతుంది. అమ్మానాన్నలు గుసగుసలాడుకుంటూ మనం గదిలోకి రాగానే మాట మార్చేస్తారు. నిజం చెబితే ఎవరూ నమ్మరు. ఇంట్లో ఏదో తేడాగా ఉందని పిల్లలు కనిపెడతారు, పెద్దవాళ్లు కొట్టిపారేస్తారు. దెయ్యాల కథల్లో పాత ఎత్తుగడ అది. ఆ వయసు వాళ్లకి రోజూ ఉండేదే. అందుకే హారర్‌నీ, టీనేజీ పిల్లల నవలల్నీ సంబంధంలేని రెండు అరల్లో సర్దడం నాకు మింగుడుపడదు.

చూడబోతే రెండు అరలకీ పునాది వేసింది టీనేజీ అమ్మాయిలే. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మొదలుపెట్టేటప్పటికి మేరీ షెల్లీకి పద్దెనిమిదేళ్లు. తన పుట్టుకతో తల్లి పోయింది. అంతకుముందు ఏడాదే నెలలు నిండకుండా పుట్టిన తన పాప పోయింది. ప్రాణం రావడం, పోవడం ఆమె ఒంటిమీదుగా జరిగిన సంగతులు. కన్నవాడే చూసి అసహ్యించుకుని పారిపోతే ఆ బిడ్డ ఏమైపోవాలి అన్న ప్రశ్నను అంత చిన్న వయసులో అంత సూటిగా అడగగలిగింది. ఇక అమెరికాలో యంగ్ అడల్ట్ నవలలకి దారి వేసిందని అందరూ చెప్పే ‘ది అవుట్‌సైడర్స్’ 1967లో వచ్చింది. రాసిన ఎస్.ఇ. హింటన్ అప్పుడు ఓక్లహోమాలోని టల్సాలో చదువుకుంటున్న పిల్ల. తన తోటివాళ్ల గురించి నిజంగా రాసిన పుస్తకం ఒక్కటీ కనిపించక తనే రాసుకుంది.

వేలు ఎటు చూపిస్తోంది?

భయపెట్టడం అంత కష్టమేం కాదు. ఆ భయం ఎవరివైపు వేలు చూపిస్తోందన్నది నేను ముందుగా చూస్తాను.

మన దగ్గర హారర్ అనగానే అందరి నోటా వచ్చే పేరు ‘తులసిదళం’. అంతకుముందు కొమ్మూరి సాంబశివరావు లాంటివాళ్లు డిటెక్టివ్ నవలల పక్కనే ఒళ్లు జలదరించే నవలలూ రాశారు. కానీ 1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్ ఆంధ్రభూమి వారపత్రికలో రాసిన ఆ సీరియల్ పట్టిన పట్టు వేరు. చేతబడికి గురైన తులసి అనే చిన్నపిల్ల, ఆమె చుట్టూ డాక్టర్లు, మంత్రగాళ్లు. ఏది జబ్బో ఏది ప్రయోగమో పాఠకుడికి తేలనివ్వకుండా రెండు దారుల్నీ పక్కపక్కనే నడిపించడంలో యండమూరి చూపిన నేర్పు అసాధారణం. వారం వారం ఎక్కడ ఆపాలో ఆయనకి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. తెలుగునాట ఒక తరం కౌమారం చాటుగా, దుప్పటి కింద చదివిన పుస్తకం అది. దాన్ని క్షుద్ర సాహిత్యమన్నారు. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అంటూ పుస్తకమే రాశారు.

మూఢనమ్మకాల మీద ఆమె కోపం నాకు న్యాయంగానే తోస్తుంది. బాణామతి చేశారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని చెట్టుకి కట్టి కొట్టారు, పళ్లు ఊడగొట్టారు, చంపేశారు. దెబ్బలు తిన్నవాళ్లలో దిక్కులేని ముసలివాళ్లు, పేదలు ఎక్కువ. అలాంటి నేల మీద మంత్రగాడి వైపు వేలు చూపించే కథ గాలిలోకి పోదు. అయితే నా అసంతృప్తి మరోచోట ఉంది. నవల నిండా పెద్దవాళ్లు పరుగెడుతుంటారు, వాదించుకుంటారు, తెగిస్తారు. తులసి మంచం మీద ఉంటుంది. ఆ పిల్ల ఆ రాత్రుల్ని ఎలా చూసింది? తన ఒంట్లో జరుగుతున్నదాన్ని ఏమనుకుంది? పసిపిల్ల బాధ కథకి ఇంధనమైంది గానీ ఆ పిల్లకి కథలో గొంతు దక్కలేదు. ఆ తర్వాత వచ్చిన తెలుగు దెయ్యాల సినిమాలు చాలావాటిలో ఇదే వరస. దెయ్యం పట్టిన పిల్ల అరుస్తుంది, మెడ తిప్పుతుంది, గోడలెక్కుతుంది. మాట్లాడదు.

దీని పక్కన షిర్లీ జాక్సన్ 1962లో రాసిన ‘వుయ్ హావ్ ఆల్వేస్ లివ్‌డ్ ఇన్ ద క్యాజిల్’ పెట్టి చూడండి. కథ చెప్పేది మెరికాట్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి. అక్కతో, జబ్బుపడ్డ బాబాయితో ఊరి చివర పెద్ద ఇంట్లో ఉంటుంది. మిగతా కుటుంబమంతా కొన్నేళ్ల క్రితం విషం తిని చనిపోయింది. మెరికాట్ వస్తువుల్ని నేలలో పాతిపెడుతుంది, పుస్తకాన్ని చెట్టుకి మేకుతో దిగ్గొడుతుంది, తనకు తెలిసిన మంత్రాలేవో కట్టుకుంటుంది. మన ఊళ్లో అయితే ఆమెను ఏమనేవారో వేరే చెప్పక్కర్లేదు. చివరికి ఊరు ఊరంతా ఆ ఇంటి మీద పడి రాళ్లతో పగలగొడుతుంటే, నేరమెవరిదో తెలిశాక కూడా, నేను ఆ అక్కచెల్లెళ్ల పక్కనే పొదల్లో దాక్కున్నాను. భయమంతా గుంపు వైపుకి తిరిగింది. ఇలాంటి నవల తెలుగులో ఒక్కటి వచ్చి ఉంటే, బాణామతి పేరుతో కొట్టే చేతుల్ని లోపలినుంచి చూపించేది కదా అని ఎన్నోసార్లు బాధపడ్డాను.

చందమామ మూసేశాక

మనకి పునాది లేదని అనను. 1947 జులైలో మొదలైన చందమామ తరాల పిల్లలకి బేతాళ కథల్లో శవాన్ని భుజాన వేసుకుని నడిచే రాజును నెలనెలా చూపించింది. శంకర్ గీసిన ఆ బొమ్మ చూసి పెరిగినవాళ్లకి శ్మశానం కొత్త కాదు. దాసరి సుబ్రహ్మణ్యం ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయం’, ‘భల్లూక మాంత్రికుడు’ లాంటి సీరియల్స్‌లో, చిత్రా బొమ్మల తోడుతో, భయాన్నీ సాహసాన్నీ పాలూనీళ్లలా కలిపారు. ఆ కథల్లో కుర్రవాళ్లే అడవిలోకి పోయేవారు, కుర్రవాళ్లే నిర్ణయాలు తీసుకునేవారు.

చందమామ దాటాక ఏముంది? ఇంట్లో అమ్మ చదివే వారపత్రిక. రాకాసిలోయ నుంచి సరాసరి పెద్దల సీరియల్‌లోకి దూకడమే. బాల్యం గురించి మన భాషలో గొప్ప పుస్తకాలున్నాయి. నామిని, సోమరాజు సుశీల, ఖదీర్‌బాబు రాసినవి నాకు ప్రాణం. కానీ అవి పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసి రాసినవి. ఆ చూపులో తీపి ఉంటుంది, గండం గడిచిందన్న ధీమా ఉంటుంది. పదిహేనేళ్లవాడికి గండం గడవలేదు. ఇంకా అందులోనే ఉన్నాడు.

ఈ ఖాళీలోకి ఇంగ్లిష్ మీడియం బడుల ద్వారా ఆర్.ఎల్. స్టైన్ వచ్చాడు. 1992లో మొదలైన ‘గూస్‌బంప్స్’ను నేను తక్కువచేయను. పుస్తకం ముట్టని పిల్లల చేత పుస్తకం పట్టించింది. కాకపోతే అక్కడ ప్రతి అధ్యాయం చివరా ఉలికిపాటు, తర్వాతి పేజీలో ‘అబ్బే, పిల్లి’ అన్న ఊరట. ఏమీ పోగొట్టుకోని భయం పన్నెండేళ్లకి చాలు, పదిహేనేళ్లకి చాలదు.

తర్వాత 2005లో ‘ట్విలైట్’. దాని మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. నెత్తురు తాగేవాడు రాత్రుళ్లు అమ్మాయికి తెలియకుండా ఆమె గదిలోకి వచ్చి, నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. అదే భయానకమైన దృశ్యం. దాన్ని నవల ప్రేమగా చూపించింది. అమ్మాయి వెంట పడి వేధించడమే ప్రేమ అని దశాబ్దాలుగా సినిమాలు నేర్పిన మన చోట ఆ పుస్తకం చదివిన పిల్లలకి కొత్తగా అనిపించి ఉండదు. భయపడాల్సిన చోట భయపడనివ్వకపోవడం నెత్తురు చూపించడం కంటే ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం.

చీకటి ఎక్కువైందన్న ఫిర్యాదు

పిల్లల పుస్తకాల్లో చీకటి పెరిగిపోయిందన్న గొడవ అమెరికాలో ఎప్పుడూ ఉన్నదే. ఆల్విన్ ష్వార్ట్జ్ జానపద దెయ్యం కథల్ని ఏర్చికూర్చిన ‘స్కేరీ స్టోరీస్’ పుస్తకాల్ని 1990లలో గ్రంథాలయాల నుంచి తీసేయమని వచ్చినన్ని ఫిర్యాదులు మరే పుస్తకం మీదా రాలేదు. స్టీఫెన్ గామెల్ గీసిన, సిరా కారిపోతున్నట్టుండే ఆ బొమ్మలు చూస్తే తల్లిదండ్రులు ఎందుకు జడిశారో తెలుస్తుంది. 2011లో వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో ఓ విమర్శకురాలు యంగ్ అడల్ట్ నవలలు మరీ చీకటిమయమయ్యాయని రాస్తే, ఆ పుస్తకాలే తమని బతికించాయని వేలమంది పాఠకులు బదులిచ్చారు.

తల్లిదండ్రుల బెంగను నేను తేలిగ్గా తీసుకోను. హింసను చూపించి ఆనందించే పుస్తకాలున్నాయి, వాటిని నేనూ పిల్లల చేతికివ్వను. కానీ చీకటి లేని పుస్తకాలిస్తే చీకటి పోతుందా? అదే 2011లో వచ్చిన ఇంకో పుస్తకాన్ని నేను చూపిస్తాను. ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’. దాని ఆలోచన శివాన్ డౌడ్ అనే రచయిత్రిది. రొమ్ము క్యాన్సర్‌తో 2007లో ఆమె పోయారు. ఆ ఆలోచనను ప్యాట్రిక్ నెస్ నవలగా రాశారు, జిమ్ కే బొమ్మలు వేశారు. బ్రిటన్‌లో పిల్లల పుస్తకాలకి అప్పట్లో ఇచ్చే కార్నెగీ, గ్రీనవే పతకాలు రెండూ 2012లో ఆ ఒక్క పుస్తకానికే వచ్చాయి. అంతకుముందెప్పుడూ అలా జరగలేదు.

పదమూడేళ్ల కానర్ తల్లికి క్యాన్సర్. అర్ధరాత్రి దాటి ఏడు నిమిషాలకి, ఇంటి వెనక శ్మశానంలోని చెట్టు రాక్షసుడై అతని కిటికీ దగ్గరికి వస్తుంది. మూడు కథలు చెబుతానంటుంది. నాలుగో కథ నువ్వు చెప్పాలి, అందులో నిజం చెప్పాలి, లేకపోతే మింగేస్తానంటుంది. అక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఇది మన బేతాళుడే కదా! తెలిసీ జవాబు చెప్పకపోతే తల వెయ్యి ముక్కలవుతుందన్న ఆ షరతే కదా! రాక్షసుడు చెప్పే కథలూ బేతాళ కథల్లాగే ఎవరిది తప్పో తేల్చుకోలేకుండా చేస్తాయి. మంచివాడనుకున్నవాడు హంతకుడవుతాడు, మంత్రగత్తె అనుకున్నామె నిర్దోషిగా తేలుతుంది.

కానర్ దాచుకున్న నిజం ఏమిటంటే, అమ్మ బతకదని అతనికి మొదటినుంచీ తెలుసు. ఈ నరకం ఎలాగోలా ముగిసిపోతే చాలని లోపల ఎక్కడో కోరుకున్నాడు. అలా కోరుకున్నందుకు తనను శిక్షించాలని ఎదురుచూస్తున్నాడు. మంచి పిల్లల కథలేవీ ఆ మాట అతని నోట పలికించలేవు. దానికి రాక్షసుడే రావాలి. అమ్మకి కాస్త నలతగా ఉంది, నువ్వు చదువుకో అని పిల్లల్ని పక్కగదిలోకి పంపే మన ఇళ్లలో, ఆ పక్కగదిలో కూర్చున్న పిల్లలకి ఈ పుస్తకం తెలుగులో కావాలి. నేను గట్టిగా కోరుకునే అనువాదం ఇదే.

మన భూతాల బంగళా

అనువాదాలతో ఆగిపోకూడదు. తెలుగు రాష్ట్రాల్లో పదిహేను, పదహారేళ్ల పిల్లలు నిజంగా దేనికి భయపడుతున్నారో అందరికీ తెలుసు. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ. తెల్లవారకముందే స్టడీ అవర్, వారాంతం పరీక్ష, మార్కుల్ని బట్టి మారిపోయే సెక్షన్, ఆదివారం ఫోన్లో నాన్న అడిగే ర్యాంకు, గేటుకి తాళం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. మూతపడ్డ కిటికీలు, పేరు బదులు నెంబరు, రాత్రికి రాత్రి ఖాళీ అయిన మంచం, దాని గురించి మాట్లాడొద్దన్న వార్డెన్. ఇంతకు మించిన భూతాల బంగళా ఏ రచయిత కల్పించగలడు? అయినా మన హారర్ ఇంకా పాడుబడ్డ జమీందారు మేడలోనే తిరుగుతోంది.

ఆ హాస్టల్ నవలలో దెయ్యం ఉండాలి. దెయ్యం లేకుండా రాస్తే అది వార్తాకథనమో, పెద్దవాళ్ల ఆవేదనో అవుతుంది, పిల్లలు ముట్టరు. వెళ్లిపోయిన పిల్ల తిరిగి తన మంచం దగ్గరికి రావాలి. మిగిలినవాళ్లని ప్రశ్నలడగాలి. కథ ఆ గదిలో ఉన్న అమ్మాయే చెప్పాలి, ప్రిన్సిపాలో, సైకాలజిస్టో చెప్పకూడదు.

రాయగలిగినవాళ్లు ఉన్నారు. ప్రతిలిపి లాంటి యాప్‌లలో తెలుగు దెయ్యం కథలు ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి. చాలావాటిలో మాట సాగదీత, సినిమా వాసన. అయినా మధ్యలో ఎక్కడో ఒక పేరా చదవగానే ఇది అనుభవించినవాళ్లు రాసిందని తెలిసిపోతుంది. వాళ్లకి ఎడిటర్ కావాలి, పుస్తకం కావాలి, పారితోషికం కావాలి. పత్రికలు, ప్రచురణకర్తలు ఏటేటా నవలల పోటీలు పెడుతూనే ఉన్నారు. అందులో ఒక బహుమతి ఇరవై ఏళ్లలోపు వాళ్ల హారర్ నవలకి కేటాయించమని ఈ పత్రిక ద్వారానే అడుగుతున్నాను. నిర్ణేతల్లో కూడా ఇద్దరు ముగ్గురు ఇంటర్ చదువుతున్నవాళ్లు ఉండాలి.