కుడి లేన్ ఎవరిది? హైవే మీద దారి ఇచ్చే పద్ధతి

రియాద్ నుంచి వచ్చే విమానం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగుతుంది. నిజామాబాద్‌లో కుటుంబం రాత్రి భోజనాలు కాగానే కారులో బయల్దేరుతుంది. స్టీరింగ్ పెద్దబ్బాయి చేతిలో. పక్కన మామూ, వెనక అమ్మీ, ఇద్దరు పిల్లలు. డిక్కీ ఖాళీ, వచ్చేటప్పుడు సామాను ఉంటుంది కదా. డిచ్‌పల్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కగానే అబ్బాయి కారును డివైడర్ పక్కనున్న కుడి లేన్‌లోకి తీసుకుంటాడు. ఇక మేడ్చల్ దాకా అందులోనే. స్పీడు 80. "నిదానంగానే పోతున్నాం, మన వల్ల ఎవరికీ తక్లీఫ్ లేదు" అని కారులో అందరి నమ్మకం.

తక్లీఫ్ ఉంది. అది కారు వెనక మొదలవుతుంది కాబట్టి లోపల కూర్చున్నవాళ్లకు తెలియదు.

వెనక 100 స్పీడులో వస్తున్న కారు ముందు లైట్లు కొడుతుంది. ఆ తర్వాత హారన్. అయినా కదలకపోతే ఎడమ వైపు నుంచి దూరిపోతుంది. మన హైవేల మీద ఎడమ లేన్‌లో ఏముంటాయో అందరికీ తెలుసు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, పక్క ఊరికి పోతున్న బైకు, దాబా ముందు సగం రోడ్డు మీదే ఆపిన లారీ, యూటర్న్ దాకా వెళ్లే ఓపిక లేక రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ఆటో. దూరి వచ్చేవాడి కళ్లు అప్పటిదాకా ముందున్న కారు మీదే ఉంటాయి. ఎడమ లేన్‌లో ఉన్నది అతనికి ఆలస్యంగా కనిపిస్తుంది. ఒక్కోసారి ఇంకో రకంగా జరుగుతుంది. ఇన్ని హారన్ల తర్వాత ముందు కారు డ్రైవర్ "సరే పో" అనుకుని ఎడమకు జరుగుతాడు, అదే క్షణంలో వెనకవాడు కూడా ఎడమకే వస్తాడు.

యాక్సిడెంట్ అయితే తప్పు స్పీడుగా వచ్చినవాడిదే అంటాం. అతని తప్పు ఉంది, కాదనలేం. కానీ అతన్ని ఎడమ వైపుకు నెట్టింది కుడి లేన్‌లో తీరిగ్గా పోతున్న కారు. ఆ కారులోవాళ్లు ఏమీ తెలియకుండా ఇంటికి చేరిపోతారు.

రూల్ ఏం చెబుతోంది

మన దేశంలో బండి వీలైనంత ఎడమగా నడపాలి, ఓవర్‌టేక్ కుడి వైపు నుంచి చేయాలి. 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఇదే ఉంది. ముందు బండి కుడికి తిరగబోతూ సిగ్నల్ ఇచ్చినప్పుడు, అలాంటి కొన్ని సందర్భాల్లోనే ఎడమ నుంచి దాటొచ్చు. అంటే అటు రెండు, ఇటు రెండు లేన్లున్న హైవే మీద కుడి లేన్ ఎవరి సొంతమూ కాదు. దాటడానికి వాడుకుని మళ్లీ వదిలేయాల్సిన లేన్ అది. నిబంధనలు తప్పితే మోటారు వాహనాల చట్టం 177ఏ సెక్షన్ కింద 500 నుంచి 1,000 రూపాయల జరిమానా. ప్రమాదకరంగా ఓవర్‌టేక్ చేసినా, రాంగ్ రూట్‌లో వచ్చినా 184 సెక్షన్ వర్తిస్తుంది. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మరి తెలిసి కూడా అందరూ కుడి వైపే ఎందుకు పోతారు? ఇది బద్ధకం మాత్రమే కాదు. పైన చెప్పిన ట్రాక్టర్లు, బైకులు, ఆగిన లారీలు ఉండేది ఎడమ లేన్‌లోనే. ఊళ్లు వచ్చిన చోట మనుషులు, పశువులు దిగేది అటు నుంచే. లోడు లారీల కింద ఎడమ లేన్ తారు గాడి పడి ఉంటుంది. వెనక కుటుంబం కూర్చున్నప్పుడు డివైడర్ పక్కన నడపడమే సేఫ్ అని డ్రైవర్‌కు అనిపించడంలో అర్థం ఉంది. కాబట్టి "ఎప్పుడూ ఎడమే" అని పుస్తకంలో రాసినట్టు చెబితే ఎవరూ వినరు. ఆచరణలో పనికొచ్చేది ఇదీ: ముందు ఎడమ లేన్ కనుచూపు మేర ఖాళీగా ఉంటే ఎడమకు రావాలి. ఊరు వస్తే, ఎడమన అడ్డాలు వరసగా ఉంటే కుడిలో ఉండొచ్చు, కానీ అద్దం చూస్తూ ఉండాలి. వెనక లైట్లు దగ్గరవుతుంటే హారన్ కొట్టేదాకా ఆగకుండా సందు చూసి దారి ఇచ్చేయాలి.

దారి ఇస్తే పోయేదెంత? 90లో పోతున్న కారు ఎడమకు జరిగి 10 సెకన్లు 80లో నడిస్తే వెనకబడేది 28 మీటర్లు. టైములో చెప్పాలంటే ఒక సెకను పైచిలుకు. అంతే. "వాడికెందుకు సైడ్ ఇవ్వాలి" అని పంతం పట్టేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే చాలు. వెనకవాడు లిమిట్ దాటి వస్తున్నా సరే, అతన్ని ఆపే పని పోలీసులది, మన కారుది కాదు.

లారీల విషయంలో మాత్రం ఓపిక మనకే కావాలి. 60లో పోతున్న లారీని 65లో పోతున్న లారీ దాటుతోందనుకోండి. రెండింటి మధ్య తేడా గంటకు 5 కిలోమీటర్లే. వెనక నుంచి వచ్చి, పూర్తిగా దాటి, మళ్లీ ఎడమకు సర్దుకోవడానికి దాదాపు 50 సెకన్లు పడుతుంది. ఆ లోపు 900 మీటర్ల రోడ్డు అయిపోతుంది. మధ్యలో ఎంత హారన్ కొట్టినా ఆ లారీ ఇంకా స్పీడు పోలేదు, పక్కకూ జరగలేదు. ఒక నిమిషం వెనక ఉండటమే మార్గం, అదీ దూరంగా. మరీ దగ్గరికి పోతే లారీ అద్దాల్లో మన కారు అసలు కనపడదు.

ఎంత దూరం? 100 స్పీడులో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లే లోపే 40 మీటర్లు అయిపోతాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద కారు ఆగడానికి ఇంకో 55. మొత్తం దగ్గర దగ్గర 100 మీటర్లు. వాన పడితే ఇంకా ఎక్కువ. రాత్రిపూట మీటర్లు లెక్కపెట్టడం కుదరదు. ముందు బండి ఒక బోర్డును దాటగానే మూడు అంకెలు నిదానంగా లెక్కపెట్టాలి. మూడు పూర్తి కాకముందే మన కారు ఆ బోర్డు దగ్గరికి వచ్చేస్తే మరీ దగ్గరగా ఉన్నట్టే. దాటేశాక మళ్లీ ఎడమకు ఎప్పుడు రావాలన్నదానికీ ఒక గుర్తు ఉంది. దాటిన బండి రెండు హెడ్‌లైట్లూ లోపలి అద్దంలో కనపడాలి. అంతకు ముందే వస్తే దాన్నే కట్ కొట్టడం అంటారు.

లైట్ల భాష

హైవే మీద మాట లైట్లతోనే. చిక్కేమిటంటే ఒకే లైటుకు రెండు అర్థాలు. బ్రిటన్‌లో చాలామంది హెడ్‌లైటు కొట్టేది "మీరు వెళ్లండి" అనడానికి. ఇక్కడ "నేను వస్తున్నా, ఆగు" అనడానికి. లారీ కుడి ఇండికేటర్ వేస్తే అది కుడికి రాబోతోందో, "నువ్వు దాటి పో" అంటోందో చెప్పలేం. అలాంటప్పుడు కాసేపు ఆగి, లారీ చక్రాలు ఎటు తిరుగుతున్నాయో చూడటం మేలు. వానలో నాలుగు ఇండికేటర్లూ వేసి నడిపే అలవాటు ఒకటి ఉంది, అది మంచిది కాదు. ఆ కారు ఎటు తిరుగుతుందో వెనకవాళ్లకు తెలియదు, ఆగి ఉందో కదులుతోందో కూడా అర్థం కాదు. ఇక హైబీమ్. ఎదురుగా బండి వచ్చినప్పుడే కాదు, ముందు పోతున్న బండికి దగ్గరైనప్పుడు కూడా డిమ్ చేయాలి. లేకపోతే ఆ వెలుగు అద్దంలో పడి ముందు డ్రైవర్ కళ్లు మూతలు పడతాయి.

అంబులెన్స్ సైరన్ వినపడితే వెంటనే ఎడమకు జరిగి కుడి వైపు ఖాళీ చేయాలి. అది దాటాక దాని వెనకే పట్టుకుని పోవడం కొందరికి సరదా. దారి ఇవ్వకపోతే 194ఈ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే హెల్ప్‌లైన్ 1033 ఉంది.

మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే లెక్క మారుతుంది. 158 కిలోమీటర్ల ఈ రోడ్డుకు ఒక్కో వైపు నాలుగు లేన్లు. 2023లో గరిష్ఠ వేగం 100 నుంచి 120కి పెంచినప్పుడు లేన్లను కూడా విడదీశారు. డివైడర్ పక్కనున్న రెండు లేన్లు 100 నుంచి 120లో పోయేవాళ్లకు, ఎడమ వైపు రెండు లేన్లు 40 నుంచి 80లో పోయేవాళ్లకు. టూవీలర్లకు ప్రవేశం లేదు. కాబట్టి "ఎడమన బైకులున్నాయి" అనే సాకు ఇక్కడ చెల్లదు. 80లో నడపాలనుకునే కుటుంబానికి ఎడమ లేన్లే హాయి. ఎగ్జిట్ దాటిపోయిందని రివర్స్ తీసుకునేవాళ్లు కూడా ఇక్కడ కనపడతారు. తర్వాతి ఎగ్జిట్ దాకా పోయి తిరిగి వస్తే పది, ఇరవై నిమిషాలు పోతాయి, విమానం ఎలాగూ దిగాక సామాను రావడానికి అంత టైము పడుతుంది.

విమానం దిగింది. సామాను డిక్కీలో సర్దారు. రెండేళ్ల తర్వాత వచ్చిన అబ్బా "తాళం ఇటివ్వు బేటా, నేను నడుపుతా" అంటారు. గల్ఫ్‌లో పదిహేనేళ్లుగా నడుపుతున్న మనిషి. అక్కడి లేన్ క్రమశిక్షణ కూడా బాగా అలవాటే. యూఏఈలో ముందు బండికి తగినంత దూరం వదలకపోతే 400 దిర్హమ్‌ల జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు. కానీ సౌదీ, యూఏఈల్లో బండ్లు రోడ్డుకు కుడి వైపున నడుస్తాయి, స్టీరింగ్ ఎడమన ఉంటుంది, స్పీడు లేన్ అంటే ఎడమ చివరిది. చేతులకు, కళ్లకు ఆ అలవాటు పడిపోయి ఉంటుంది. పగలు, ట్రాఫిక్‌లో ముందు బండిని చూసి నడిపేస్తారు, పొరపాటు రాదు. వచ్చేది రాత్రి ఖాళీ రోడ్డు మీద. పెట్రోల్ బంకు నుంచి బయటికి వస్తూ రోడ్డుకు అవతలి వైపు ఎక్కడం, యూటర్న్ తీసుకుని తప్పు లేన్‌లోకి పోవడం, దారి ఇవ్వాలనుకుని కుడికి జరగడం. పైగా రాత్రంతా విమానంలో నిద్ర లేదు.

"మొదటి రోజు వద్దు అబ్బా, రేపు ఊళ్లో నడపండి" అని కొడుకు నోటితో చెప్పడం కష్టమే, మర్యాద అడ్డొస్తుంది. ఆ మాట అమ్మీ గానీ మామూ గానీ ఇంటి దగ్గర బయల్దేరే ముందే ఫోన్‌లో చెప్పేస్తే పార్కింగ్‌లో తాళం దగ్గర వాదన ఉండదు.