బూడిదలో పనిచేస్తున్నారా? ఆ మాట డాక్టరుకు చెప్పండి!

మన ఇంట్లో వెలిగే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు మండితేనే వస్తుంది. కురిచేడు, మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల బొగ్గు కరెంటు కేంద్రాలు లేవు. కాబట్టి ఆ పొగతో, బూడిదతో మనకేం పని అనిపించొచ్చు. కానీ వానలు మొహం చాటేసిన ఏడు పని వెతుక్కుంటూ ఊరు దాటేవాళ్లు మన దగ్గర ఎక్కువే. ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి నడుస్తున్న నార్ల తాతారావు థర్మల్ కేంద్రం, నెల్లూరు జిల్లాలోని కృష్ణపట్నం కేంద్రం లాంటి చోట్ల, బూడిద లారీల మీద, బూడిద ఇటుకల బట్టీల్లో మీవాళ్లెవరైనా పనిచేస్తుంటే ఇది మీకోసమే.

ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది?

మనదేశపు బొగ్గులో సుమారు 30 నుంచి 45 శాతం బూడిదే. పొగగొట్టం దగ్గరి యంత్రాలు చాలావరకు దాన్ని పట్టేస్తాయి. ఆ తర్వాత ఎత్తేటప్పుడు, లారీలకు నింపేటప్పుడు, బూడిద చెరువులు ఎండినప్పుడు మళ్లీ గాల్లోకి లేస్తుంది. ఇందులో 2.5 మైక్రాన్ల కంటే సన్నని రేణువులు తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కు, గొంతు వీటిని ఆపలేవు. నేరుగా గాలి గదుల్లోకి చేరి ఆస్థమాను రేపుతాయి, గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతాయి.

బూడిదలో సిలికా కూడా ఉంటుంది. మార్కాపురం పలకల దుమ్ములో ఉండేదీ ఇదే. ఊపిరితిత్తులకు ఎక్కువ హాని చేసే స్ఫటిక సిలికా పలక, రాతి దుమ్ముతో పోలిస్తే బూడిదలో తక్కువే. అయినా ఏళ్ల తరబడి పీల్చితే ముప్పు తప్పదు. సిలికోసిస్ వస్తే పూర్తిగా నయంచేసే మందు లేదు. త్వరగా గుర్తించి దుమ్ముకు దూరమైతే ముదరకుండా చూసుకునే వీలుంటుంది.

చిక్కు ఎక్కడ?

దగ్గు, ఆయాసంతో ఇంటికొచ్చిన మనిషి ఎక్స్‌రేలో సిలికోసిస్ మచ్చలు క్షయలా కనిపించొచ్చు. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ కూడా తేలిగ్గా సోకుతుంది. ఎక్కడ, ఎన్నేళ్లు, ఏ దుమ్ములో పనిచేశారో చెప్పకపోతే డాక్టరుకు అసలు సంగతి తట్టకపోవచ్చు. అందుకే అడక్కపోయినా మీరే చెప్పండి.

ఇవి పాటించండి

• రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం. ఆలస్యం చేయొద్దు.

• ఏటా ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీ చేయించుకోండి. పాత ఫిల్ములు పారేయకండి. పోల్చి చూడటానికి అవే ఆధారం.

• తువ్వాలు, గుడ్డ మాస్కు చాలవు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్-95 వాడాలి.

• బూడిదను పొడి చీపురుతో ఊడ్చొద్దు. నీళ్లు చల్లాకే ఎత్తాలి.

• పని బట్టలు అక్కడే మార్చుకోండి. పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

• బీడీ, సిగరెట్ మానేయండి. దుమ్ముకు పొగ తోడైతే నష్టం ఇంకా పెరుగుతుంది.

హక్కు కూడా ఉంది

ఫ్యాక్టరీల చట్టం 1948లోనే సిలికోసిస్‌ను వృత్తి వ్యాధిగా చేర్చింది. పని వల్లే వచ్చిందని తేలితే పరిహారం అడగొచ్చు. దానికి జీతం చీటీలు, గుర్తింపు కార్డు, ఈఎస్ఐ కాగితాలు కావాలి. కాంట్రాక్టు పనైనా సరే, వాటిని ఇంట్లో భద్రంగా దాచండి. ఈసారి పండక్కి మీవాళ్లు ఊరొచ్చినప్పుడు మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని ఒక్కమాట అడగండి.